పక్క బెంచీ ఖరీదు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోనే మన ఊళ్లలో రెండు రకాల టీచర్లు ఇంటింటికీ తిరుగుతుంటారు. ఒకావిడ చేతిలో తళతళలాడే పాంప్లెట్ల కట్ట. అందులో టై కట్టుకున్న పిల్లాడొకడు గ్లోబు పట్టుకుని నవ్వుతుంటాడు. అలాంటి పిల్లాడు మన వీధుల్లో కనపడిన దాఖలా లేదు. ఆవిడ ప్రైవేటు స్కూలు టీచరు. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే వేసవి జీతమని కరస్పాండెంట్ గారు ఏప్రిల్లోనే చెప్పేశారు. రెండో ఆయన చేతిలో బడిబాట కరపత్రం. ఉచిత పుస్తకాలు, ఉచిత యూనిఫాం, మధ్యాహ్న భోజనం, గుడ్డు. ఆయన సర్కారు బడి మాస్టారు. పిల్లలు తగ్గితే బడి పక్క ఊరి బడిలో కలిసిపోతుంది, ఆయన పోస్టు ఏ మండలంలో తేలుతుందో దేవుడికే ఎరుక.

ఇద్దరూ ఒకే గుమ్మం ముందు తారసపడతారు. అది తాపీ మేస్త్రీ గుమ్మమో, ఆటో డ్రైవరు గుమ్మమో అయి ఉంటుంది. ఆ పక్కనే ఉన్న అపార్టుమెంటుకి మాత్రం బడిబాట వెళ్లదు. వెళ్లినా దండగని మాస్టారికి తెలుసు. అందులో మూడో అంతస్తులో కాపురం ఉండేది ఆయనే.

మేస్త్రీ భార్య ఇద్దరూ చెప్పేది ఓపిగ్గా వింటుంది. మంచినీళ్లిస్తుంది. ఆ తర్వాత తాపీగా అడుగుతుంది: "అన్నీ మంచిగనే చెప్తున్నరు సార్. మరి మీ పిల్లలు ఏ బడికి పోతున్నరు?"

ఈ ప్రశ్నకు టెట్‌లోనూ డీఎస్సీలోనూ మోడల్ ఆన్సరు లేదు. మాస్టారు మంచివాడు, అబద్ధం ఆడలేక ఇంకో గ్లాసు నీళ్లడుగుతాడు. ఆవిడ రెండోవైపు తిరిగి "మీ పిల్లలు మేడం?" అంటుంది. మేడం జీతం పదివేలు. ఆ జీతంతో తాను పాఠం చెప్పే స్కూల్లో ఇద్దరు పిల్లల్ని చదివించలేదు. అందుకని కొడుకుని సగం రాయితీ మీద అక్కడే వేసింది, కూతుర్ని సర్కారు బడికి పంపుతోంది. ఈ సంగతి పాంప్లెట్లు పంచేటప్పుడు ఎక్కడా అనొద్దని కూడా కరస్పాండెంట్ గారు చెప్పేశారు.

మా కాలనీ కరస్పాండెంట్ గారు ఆషామాషీ మనిషి కాదు. చిట్టీల వ్యాపారం, ప్లాట్ల వ్యాపారం రెండూ చూసి, చివరికి సరస్వతీదేవి పాదాల దగ్గర స్థిరపడ్డారు. ఓ ఇంటిని అద్దెకు తీసుకుని, హాల్లో ఎల్కేజీ, బెడ్రూముల్లో ఒకటి రెండు తరగతులు, వంటగది ఉన్నచోట కంప్యూటర్ ల్యాబు పెట్టారు. పేరులో ఇంటర్నేషనల్ ఉంది, టెక్నో ఉంది, కాన్సెప్ట్ ఉంది. "ఇంత ఫీజు కట్టించుకుని అంతగా ఏం చెబుతున్నారండీ?" అని ఒకసారి అమాయకంగా అడిగాను. జాలిగా చూశారు.

"చదువెవడు కొంటాడండీ గురువుగారూ? పాఠం యూట్యూబులో ఉత్తినే దొరుకుతోంది. నేనమ్మేది పక్క బెంచీ. మీవాడి పక్కన ఎవడు కూర్చోకూడదో చెప్పండి, దానికి రేటు చెబుతా. పాతిక వేలు తీసుకున్నాననుకోండి, ఆటో డ్రైవరు కొడుకు పక్కన కూలివాడి కొడుకు కూర్చోడు. అరవై వేలు పెట్టాననుకోండి, గుమస్తాగారి అబ్బాయి పక్కన ఆటో డ్రైవరు కొడుకు కనపడడు. రెండు లక్షలైతే ఇంజినీరుగారి పక్కన గుమస్తా ఉండడు. ఆపైన సంగతి నాకు తెలీదు. అక్కడ గుర్రాలుంటాయట."

అర్థశాస్త్రం మీద లావుపాటి పుస్తకాలు చదివినా ఇంత శుభ్రంగా బోధపడలేదు నాకు. బడి ఫీజంటే చదువు ధరని మనం అనుకుంటాం. నిజానికి అది దూరం ధర. మన కింది మెట్టు మీదివాణ్ణుంచి మన పిల్లాణ్ణి ఎంత దూరం జరపగలమో అంత బిల్లు. కింది మెట్టువాడు అప్పోసప్పో చేసి పైకెక్కాడా, పై మెట్టువాడు ఇంకో మెట్టు కట్టుకుంటాడు. కరస్పాండెంట్లకు ఎప్పుడూ చేతినిండా పని.

పాత టూరింగు టాకీసులో నేల, బెంచీ, కుర్చీ అని తరగతులుండేవి. నేల టికెట్టువాడు ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాడు. కుర్చీవాడు వెనకాల కాలు మీద కాలేసుకునేవాడు. అయినా తెర ఒకటే. ఎన్టీఆర్ అందరికీ ఒకేసారి కనపడేవాడు. రీలు తెగితే హాలంతా కలిసి ఈలలు వేసేది. అందులో కుర్చీవాడి ఈల వినిపిస్తేనే ఆపరేటరు గబగబా లేచేవాడు. మనం చదువు దగ్గరకొచ్చేసరికి నేల టికెట్టువాడికి విడిగా వేరే హాలు కట్టించాం. అక్కడ రీలు తెగి ఎన్నాళ్లైందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఈల వేస్తే వినపడే మనిషి ఆ హాల్లో లేడు. సర్కారు బడి మరుగుదొడ్డికి తలుపు లేకపోతే కలెక్టరు గారికి కోపం రావాలంటే, ఆయన కూతురు ఆ మరుగుదొడ్డికి వెళ్లాలి. నివేదిక చదివితే వచ్చే కోపం ఫైలులోనే ఉండిపోతుంది.

మెట్లు బడికీ బడికీ మధ్యే ఉంటాయనుకోవడం కూడా పాతకాలపు ఆలోచన. ఇప్పుడు ఒకే స్కూల్లో ఏసీ సెక్షన్ వేరు, నాన్ ఏసీ సెక్షన్ వేరు. స్టార్ బ్యాచ్ వేరు, మామూలు బ్యాచ్ వేరు. మంచి లెక్కల సారు స్టార్ బ్యాచ్‌కి వెళతాడు, కొత్తగా డిగ్రీ పూర్తయిన కుర్రాడు మామూలు బ్యాచ్‌కి. ఫలితాల రోజున టీవీలో ఊపిరి తీసుకోకుండా "ఒకటి ఒకటి ఒకటి రెండు రెండు మూడు" అని చదివే గొంతు మీకు తెలిసిందే. ఆ ర్యాంకులు స్టార్ బ్యాచ్‌వి. అందులో చాలామందికి ఫీజు రాయితీ. ఆ ప్రకటన ఖర్చుకి పూర్తి ఫీజు కట్టింది మామూలు బ్యాచ్ తండ్రి. తన కొడుకు నంబరు చదువుతారేమోనని ఆయన టీవీ ముందే కూర్చుని ఉంటాడు. అంత పెద్ద నంబరు చదవడానికి టీవీలో టైమివ్వరు.

ఇదంతా వింటే చదువు వ్యాపారమైపోయిందని మీకు అనుమానం రావచ్చు. తప్పు. మన దగ్గర స్కూలును సొసైటీయో ట్రస్టో నడపాలి, లాభం కోసం నడపకూడదు. విద్య వ్యాపారం కాదని సుప్రీంకోర్టు 1993లోనే ఉన్నికృష్ణన్ కేసులో చెప్పింది. ఆ కేసులో అవతలి పక్షం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కాబట్టి తీర్పు మన ఇంటికే వచ్చింది. మరుసటి ఏడాది జనవరి 1న జీవో నంబరు 1 వచ్చింది. వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ వగైరాలకు, 15 శాతం నిర్వహణకు, ఇంకో 15 అభివృద్ధికి, యాజమాన్యానికి 5 శాతం. లెక్క ముచ్చటగా ఉంది. మా కరస్పాండెంట్ గారు ఆ 5 శాతంతోనే సొంత బిల్డింగు మూడో అంతస్తు లేపారంటే ఎంత పొదుపరో ఊహించుకోండి. ఫీజులో సగం అందుకుంటున్న టీచర్లకు మాత్రం ఆ పొదుపు చేతకాలేదు. కరోనాలో బడులు మూతపడగానే చేతిలో చిల్లిగవ్వ లేక కూరగాయల బండి పెట్టుకున్నారు. చివరికి 2021లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది.

2002 సంవత్సరం మన చదువుల చరిత్రలో బంగారు అక్షరాలతో రాయదగ్గది. అక్టోబరు నెలాఖరున టీఎంఏ పై కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు విద్యాసంస్థలు లాభాపేక్షతో నడవకూడదు గానీ విస్తరణ కోసం సహేతుకమైన మిగులు ఉంచుకోవచ్చంది. డిసెంబరులో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. ఆరు వారాల తేడాలో కరస్పాండెంట్‌కి మిగులు, పిల్లాడికి హక్కు. మిగులు వెంటనే అమల్లోకి వచ్చింది. హక్కుకి చట్టం రాయడానికి 2009 దాకా, అమలు చేయడానికి 2010 ఏప్రిల్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఏప్రిల్ ఒకటో తారీకు ఎందుకు ఎంచుకున్నారని అడక్కండి.

ఆ విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ ఒకటుంది. ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని. అంటే కరస్పాండెంట్ గారి సరుకునే నేరుగా పాడు చేసే సెక్షనన్న మాట. డబ్బు కట్టి దూరం కొనుక్కున్నవాడి పక్కనే ఇంటి పనమ్మాయి కొడుకుని కూర్చోబెడతానంటే ఎలా? సుప్రీంకోర్టుకెళ్లారు. 2012లో కోర్టు చట్టం చెల్లుతుందంది. అప్పుడు తల్లిదండ్రులకు ఎన్నడూ లేని సందేహాలు పుట్టాయి. పాపం, ఆ పిల్లలు ఇమడగలరా? వాళ్లకు న్యూనత రాదూ? మావాడి పుట్టినరోజుకి వాళ్లనీ పిలవాలా? పేదపిల్లల మనసు గురించి కలవారు ఇంతగా మథనపడటం నేను అదే మొదటిసారి చూశాను.

మన ప్రభుత్వాలు ఆ మథనాన్ని గౌరవించాయి. తెలంగాణలో ఆ సెక్షన్ ఏళ్ల తరబడి కాగితం దిగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు గట్టిగా అడిగాక 2022-23లో మొదలుపెట్టారు. మొదలుపెట్టిన తీరు చూడండి. సీటు ఉచితం, కాని ఆ ఫీజును అమ్మ ఒడి కింద తల్లికొచ్చే డబ్బులోంచి తల్లే కట్టాలన్నారు. కట్టకపోతే ప్రభుత్వం కట్టి, ఆ మేరకు అమ్మ ఒడిలోంచి కోసుకుంటుందన్నారు. ఎడమ జేబులో పెట్టి కుడి చేత్తో తీసుకోవడం మన తాతల నాటి విద్యే. దానికి విద్యాహక్కని పేరు పెట్టడమే కొత్త.

అమ్మ ఒడి గురించి ఓ మాట చెప్పి తీరాలి. పేదతల్లి చేతికి ఏడాదికి 15 వేలు అందితే సంతోషించనివాడు మనిషి కాదు. ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లలో పిల్లలు పని మానేసి బడికెళ్లారో. నాకున్న చిక్కల్లా 2020 జనవరిలో మొదలైన ఆ పథకం సర్కారు బడికి పంపినా ప్రైవేటు బడికి పంపినా ఒకేలా ఇవ్వడంతోనే. సర్కారు బడి మాస్టారు రోహిణి కార్తెలో చెమటలు కక్కుతూ ఒక పిల్లాణ్ణి ఒప్పించి తెస్తుంటే, అదే సర్కారు ఇంకో చేత్తో ఆ పిల్లాడి తల్లికి ప్రైవేటు ఫీజు అడ్వాన్సు ఇస్తోంది. మధ్యలో బడి నిర్వహణకి, మరుగుదొడ్లకి కొంత కోత. 2025లో పథకం పేరు తల్లికి వందనం అయింది. చేతికొచ్చింది 13 వేలు. వందనానికి 2 వేలు ఖర్చయినట్టుంది.

తల్లిదండ్రుల చేతిలో చీటీ పెట్టండి, వాళ్లకు నచ్చిన బడిలో కొనుక్కుంటారు, ప్రభుత్వం బడులు నడపక్కర్లేదని మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా పండితుడు 1955లోనే సెలవిచ్చాడు. చిలీ దేశం 1981లో ఆ మాట పట్టుకుంది. అక్కడ ఏమైందంటే, బళ్లు పిల్లల్ని ఎంచుకోవడం మొదలుపెట్టాయి. డబ్బున్నవాళ్లు ఒకచోట, కాస్త ఉన్నవాళ్లు ఒకచోట, ఏమీ లేనివాళ్లు మిగిలిన చోట తేలారు. 2006లో పిల్లలే రోడ్డెక్కారు. వాళ్ల నలుపు తెలుపు యూనిఫాం చూసి జనం పెంగ్విన్లన్నారు. 2015లో చట్టం మార్చి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బళ్లు లాభం తీయకూడదని, పిల్లల్ని వడపోయకూడదని చెప్పాల్సొచ్చింది. అంటే ముప్ఫై నాలుగేళ్లు పట్టింది. మనం తొందరపడక్కర్లేదు. మన పిల్లలు రోడ్డెక్కరు. సాయంత్రం ట్యూషనుంటుంది.

ఇప్పుడు లెక్కల పాఠం. కేంద్ర ప్రభుత్వ యూడైస్ గణాంకాల ప్రకారం 2024-25లో తెలంగాణలో ఒక్క పిల్లాడూ లేని బడులు 2,245. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఒక్క టీచరున్న బడులు 12,912. దేశంలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. ఒకచోట బడికి పిల్లాడు లేడు, ఇంకోచోట పిల్లలకు టీచరు లేడు. రాష్ట్ర విభజనలో ఇంత సమానంగా పంచిన ఆస్తి మరొకటి లేదు. ఐదు తరగతులకు ఒక్క టీచరుంటే ఏ తల్లి పంపుతుంది? పంపదు. పంపకపోతే పిల్లలు తగ్గుతారు. తగ్గితే హేతుబద్ధీకరణ అంటారు. బడిని పక్క ఊళ్లో కలిపేస్తారు. ఆ ఊరికి చెరువు గట్టు మీదుగా నడవాలి. నడిపించలేక తల్లి ఇంటి ముందుకొచ్చే పసుపుపచ్చ బస్సు ఎక్కిస్తుంది. చూశారా, ప్రజలే ప్రైవేటు కావాలంటున్నారని మంత్రిగారు సభలో చెబుతారు.

ఆ తల్లికి ఎంతవుతోందో కూడా కేంద్రం వారి సర్వేనే 2025లో లెక్కగట్టింది. దేశం మొత్తం మీద సర్కారు బడి పిల్లాడి మీద ఇంటివాళ్లకు ఏడాదికి సగటున 2,863 రూపాయల ఖర్చు. ఇతర బడుల్లో 25,002. మధ్యలో ఉన్న 22 వేల పైచిలుకు ఎవరిదనుకున్నారు? ప్రభుత్వం తన పద్దులో మిగుల్చుకున్నది మేస్త్రీ భార్య పుస్తెలతాడు తాకట్టు చీటీలో తేలింది. ఫీజు డ్యూ ఉంటే హాల్ టికెట్టు ఆపుతారు, టీసీ ఆపుతారు. టీసీ లేదన్న సాకుతో ఏ సర్కారు బడీ పిల్లాణ్ణి కాదనకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ సంగతి ఆవిడకు పాంప్లెట్టు వేసి చెప్పేవాడు లేడు.

మరి ఫీజుల మీద అదుపు? ఉంది, పుష్కలంగా ఉంది. తెలంగాణలో 2017లో తిరుపతిరావు కమిటీ నివేదికిచ్చింది. ఆ తర్వాత జూన్లు వచ్చాయి, పోయాయి. ఆంధ్రప్రదేశ్ 2021లో ఊళ్లో ప్రాథమిక బడికి ఏడాదికి 10 వేలని, పట్టణంలో ఇంతని, నగరంలో ఇంతని రేట్లు కట్టి జీవో ఇచ్చింది. ఏడాది తిరక్కుండా హైకోర్టు కొట్టేసింది. రెండు రాష్ట్రాల మంత్రివర్గాల్లోనూ విద్యాసంస్థల అధిపతులు కొలువుతీరిన చరిత్ర మనకుంది కాబట్టి, కోర్టులో నిలబడే జీవో ఎలా రాయాలో చెప్పేవాళ్లు అందుబాటులో లేరని మాత్రం అనలేం.

సర్కారు కూడా తక్కువ తినలేదు. బజారులో ఇన్ని మెట్లుంటే తన దగ్గర ఒకటే ఉండటం నామోషీ అనుకుంది. మండల పరిషత్ బడి, జిల్లా పరిషత్ బడి, కస్తూర్బా, మోడల్ స్కూలు, గురుకులం, పీఎంశ్రీ, ఇప్పుడు యంగ్ ఇండియా. 1971లో సర్వేలులో తొలి గురుకులం పెట్టినప్పుడు ఊరి పిల్లల్లో మెరికల్ని ఏరి తీసుకెళ్లారు, వాళ్లు నిజంగానే పైకొచ్చారు. మెరికలు పోయాక ఊళ్లో మిగిలిన బడినేం చేయాలో ఇంకా ఆలోచిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ప్రభుత్వ బడుల్నే తొమ్మిది రకాలుగా వర్గీకరించారు. మనువు నాలుగింటితో సరిపెట్టుకున్నాడు, ఆయనకు విద్యాశాఖ అనుభవం లేదు.

ఇక మీడియం గొడవ. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియమన్నప్పుడు తెలుగు తల్లి కంట నీరు చూసి చలించిపోయిన పెద్దలందరికీ నా నమస్కారం. వాళ్ల పిల్లలెవరూ ఆ నీరు తుడవడానికి తెలుగు మీడియంలో లేరు. పేదవాడి బిడ్డ మాతృభాషలో చదివితే బుర్ర వికసిస్తుందట. ఉన్నవాడి బిడ్డకు ఆ వికాసం అక్కర్లేదు, డాలస్ చేరాక శనాదివారాల్లో మనబడికి వెళ్లి అఆలు దిద్దుకుంటాడు. ఊళ్లో తెలుగు బడికి వెళితే వెనకబాటు, అమెరికాలో వెళితే సంస్కృతి. మేస్త్రీ భార్య ఇంగ్లిషే కావాలంటోందంటే ఆవిడకు తెలివి లేక కాదు. పైన కూర్చున్నవాళ్లు ఏం చేశారో చూసే అడుగుతోంది.

అందరూ సమస్యలే చెబుతారు, పరిష్కారం చెప్పరని పాఠకులు విసుక్కుంటారు కాబట్టి ఓ ముసాయిదా జీవో తయారు చేశాను. ఇది నా సొంత తెలివి కాదు. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్లు, ప్రజాప్రతినిధులు తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే చదివించేలా చూడాలని ఉత్తరప్రదేశ్ ప్రధాన కార్యదర్శిని ఆదేశించింది. వేరే చోట చదివిస్తే అక్కడ కట్టిన ఫీజుకు సమానమైన సొమ్ము ఖజానాకు జమ చేయమంది. ఆ ఆదేశం ఎంత పవిత్రమైందంటే ఇప్పటిదాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

నా జీవో దానికన్నా మెత్తన. విద్యాహక్కు చట్టంలోని 25 శాతాన్నే తిరగేశాను, అంతే. ప్రతి సర్కారు బడిలో 25 శాతం సీట్లు ఐఏఎస్ అధికారులు, ఎమ్మెల్యేలు, కరస్పాండెంట్లు, విద్యావేత్తలు, పత్రికల్లో వ్యంగ్యం రాసేవాళ్ల పిల్లలకు కేటాయించడమైనది. డిమాండు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎంపిక లాటరీ ద్వారా. సిఫార్సు ఉత్తరాలు చెల్లవు. పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని ఇంటర్వ్యూ చేయరాదు. చేస్తే చట్టం 13వ సెక్షన్ కింద మొదటిసారి 25 వేల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. బలవంతుల పిల్లలు అక్కడ ఇమడగలరా, వాళ్లకు న్యూనత రాదా అన్నది పరిశీలించేందుకు ఓ కమిటీ వేయవచ్చు, నివేదిక వచ్చేదాకా అమలు ఆపరాదు. పుట్టినరోజుకి తరగతిలో అందర్నీ పిలవాలి.

లాటరీలో సీటు రాని మహనీయులు నిరాశ పడనక్కర్లేదు. వారి పిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లోని 12,912 ఏకోపాధ్యాయ బడుల్లో ప్రాధాన్యం ఉంటుంది. తెలంగాణ వారికైతే 2,245 బడులు పూర్తిగా ఖాళీ, కావలసిన బెంచీ ఎంచుకోవచ్చు, పక్కన ఎవరూ ఉండరు. టీచరును జూలైలోగా నియమించకపోయినా ఆగస్టులో పిల్లల్ని మానిపించడానికి వీల్లేదు. సంవత్సరం మధ్యలో టీసీ ఇవ్వబడదు.